లోయ దిక్కు గోడ

కాక పోయిండని మొన్న శుక్రవారం పొద్దున ఫోనొచ్చింది. ఛుట్టీ మీద ఊరికి పోయిన మనిషి. ఇంట్ల చాయ్ తాగుకుంట తాగుకుంట అట్లనే పక్కకు ఒరిగిండట. ఇనంగనే నాకు ఏడుపు రాలే. దాచుడెందుకు, ముందు భయమైంది. ఇగ లోయ దిక్కు గోడ ఎట్ల?

మీకు తెలిసేటట్టు చెప్త. ఈడ సౌదీల అభా కొండల మీద టూరిస్టులు దిగే చెక్క ఇండ్లుంటయి. వాటికి మరమ్మతు మా పని. ఎండకు, మంచుకు గోడ చెక్కలు పగుల్తయి, రంగు పొక్కులు లేచి రాలుతది. పాత రంగు గీరాలె, పుచ్చిన చెక్కలు మార్చాలె, లప్పం వెట్టి కొత్త రంగెయ్యాలె. మూడు దిక్కులు నిచ్చెన మీద అయితయి. నాలుగో దిక్కు కింద లోయనే. అక్కడ పైనించి తాళ్లతోని దించిన జూలాల కూసొని చెయ్యాలె. నా నడుముకు కట్టిన తాడు మాత్రం పైన కాక పట్టుకుంటుండె.

నాకు చుట్టం గాదు, క్యాంపుల అందరికీ కాకనే. ఒక్కొక్క చెక్కను వేలు మడిచి కొట్టి చూస్తుండె, మా అవ్వ అంగట్ల కుండను కొట్టి చూసినట్టు. పైకి నున్నగున్నది గూడ ఒక్కోసారి లోపల పుచ్చి బోలుగ మోగేది. "రంగును నమ్మకురా, సప్పుడును నమ్ము" అంటుండె.

ఒకనాడు లోయలకెల్లి మబ్బు లేచొచ్చింది. నా చేతిల బ్రష్ నాకే కనవడ్తలేదు.

"ఉన్నవారా?" అని పైనించి కాక.

"ఉన్న కాకా!"

జర సేపటికి మళ్ల అదే మాట. మళ్ల అదే.

"ఏడికి వోతనే, నాకేమన్న రెక్కలున్నయా?" అన్న.

"పరాచికాలు తర్వాత, ముందు జవాబియ్యి!" అని తిట్టిండు.

పైకి గుంజినంక చూస్తే ఆయన చేతులే గజగజ వణుకుతున్నయి. నీకు గూడ భయమా కాకా అంటే, "నీకంటే ఎక్కువ. భయమున్నోడు విమానం సీట్ల ఇంటికి వోతడు, లేనోడు పెట్టెల వోతడు" అన్నడు.

ఛుట్టీకి పొయ్యేటప్పుడు ఒక్కటే మాట చెప్పిండు, "నేనొచ్చేదాక లోయ దిక్కు ముట్టకు" అని. విమానం సీట్లనే ఇంటికి వోయిండు మా కాక.

మా ముదీర్, అదే మేనేజరు, ఆగుతడా? ఎండకాలం జనం వస్తరు, గోడ కానియ్యమన్నడు. నిన్న జూలా ఎక్కిన. తాడు మాతోని పనిచేసే బంగ్లాదేశ్ భాయ్ చేతిల వెట్టిన. మంచోడే, కని నోట్లెకెల్లి మాట రాదు. చెక్కను కొట్టి చూసిన. నా గుండె సప్పుడే చెవుల నిండ ఉన్నది, చెక్కది ఏడ ఇనవడ్తది? రెండోసారి కొట్టినా అంతే. గప్పుడే మబ్బొచ్చింది. పైన ఇల్లు లేదు, కింద లోయ లేదు, అంత తెల్లగ.

"ఉన్నవా కాకా?" నోట్లెకెల్లి అదే వచ్చింది.

కండ్లు మూసుకుని చెక్కను పట్టుకున్న. నడుము కాడ తాడు మెల్లగ బిగిసింది. రోజూ మా అరుపులు ఇన్నోడే గదా భాయ్.

"ఉన్న... ఉన్న" అని మబ్బులకెల్లి వంకర తెలుగుల జవాబొచ్చింది.

కండ్లు తెరిచిన. చెక్కను మళ్ల కొట్టిన. ఈసారి సప్పుడు ఇనవడ్డది.