మరిగించిన మౌత్‌పీస్

నేను అమలాపురం పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించడానికి కొత్తగా చేరిన రోజులవి. క్షయ వచ్చి ఊదడం మానేసిన మా పెదనాన్నగారు తన నల్లరబ్బరు మౌత్‌పీస్ నాకిచ్చి, "దీని గొంతే వేరురా. అంబాజీపేట పెళ్లికొచ్చి ఒక్కసారి వింటాను" అన్నారు.

ఊరేగింపులో నేను ఊదగానే క్లారినెట్ బాతులా అరిచింది. పెళ్లికొడుకు కూడా నవ్వాడు. పెదనాన్నగారు మాత్రం తల దించుకున్నారు.

ఇంటికొచ్చాక అమ్మ ఏడ్చేసింది.

"మీ జబ్బు పిల్లాడికి అంటుకుంటుందేమోనని దాన్ని నీళ్లలో మరిగించేనండీ బావగారూ."

క్రిముల సంగతి తెలియదు గానీ, రబ్బరు మాత్రం వంకరపోయింది.

"ఆయ్, మంచిపనే చేసేవమ్మా" అన్నారాయన.

మర్నాడు ఆయనకి విడిగా ఉంచే గ్లాసు పక్కనపెట్టి, అమ్మ మా గ్లాసులోనే కాఫీ ఇచ్చింది. ఆయన ముట్టుకోలేదు.

"నా గ్లాసేదమ్మా?" అని అడిగారు.

ఊరేగింపులో నవ్వినవాళ్ల ముఖాలు ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. ఆ ప్రశ్నే ఇంకా వినిపిస్తుంటుంది.