జీడిపప్పు ఒలిచాకే తాళం

ఆ ఇంటి ముందు హాజరైనవారు: మేజిస్ట్రేటు కమిషనర్‌గా నియమించిన వకీలు, గ్రామ రెవెన్యూ అధికారి, ఒక మహిళా కానిస్టేబులు, తాళాలు బాగుచేసే మనిషి, వేలంలో ఆ ఇల్లు కొన్న పూండి ఊరి జీడి వ్యాపారి సింహాచలం, బ్యాంకు తరఫున నేను. లోపల ఉన్నవారు: అప్పు తీర్చలేకపోయిన కామమ్మ, ఆమె భర్త, ఆమె చెల్లెలు. సామాను: మంచాలు రెండు, టీవీ ఒకటి, పొట్టు తీయని జీడిపప్పు రెండు డబ్బాలు.

పలాసలో బ్యాంకు వసూళ్ల విభాగంలో నా చివరి ఏడాది, జూన్ నెల అది. ఇంజనీరింగ్ చదివి ఈ పనిలో చేరాను. వేలంలో అమ్మిన ఇంట్లోంచి పాతవారు కదలకపోతే మేజిస్ట్రేటు ఉత్తర్వు తెస్తాం. కమిషనర్ ఎదుట సామాను జాబితా రాసి, బయట పెట్టి, తాళం మారుస్తాం. బడులు తెరిచేలోగా పిల్లలతో ఆ ఇంట్లో చేరాలని సింహాచలం తొందర.

కామమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "పప్పు ఇప్పుడే సెగ దిగినాది బాబూ. ఒలిసేసి ఎల్తాం."

"ప్రతిసారీ ఏదో ఒకటి సెప్తావు అప్పా! మొన్న జొరం, అంతకుముందు మంగలారం," అన్నాడు సింహాచలం.

"జొరం నేను కొనితెచ్చుకున్నానేటి తమ్ముడా?"

డబ్బాలు బయట పెట్టమన్నాను. అప్పుడే తుంపర మొదలైంది. బట్టీలో ఆరిన పప్పు పెళుసుగా ఉన్నప్పుడే పొట్టు ఊడుతుంది. చెమ్మ తగిలితే అంటుకుపోతుంది, లాగితే పప్పు విరుగుతుంది. పప్పు బట్టీవాళ్లది, కామమ్మ ఇంటికి తెచ్చి కూలికి ఒలుస్తుంది. పాడైతే కామమ్మకు ఇక పని ఇవ్వరు. అద్దెకు చూసుకున్న గదికి ఆ పనే ఆధారం.

సింహాచలం ఒక పప్పు తీసి నలిపాడు. పొట్టు చక్కగా ఊడింది. ఆకాశం వైపు చూసి, డబ్బాలను తానే లోపలికి జరిపాడు. "ఇది బయటెట్టడానికి నాకు సెయ్యాడదు. ఒలిసేత్తే తాళం ఇచ్చేత్తావా?"

"ఇచ్చేత్తాను. మనుసులే సాలరు," అని కామమ్మ మా అందరినీ వరసగా చూసింది.

ఉత్తర్వులో ఇలాంటిది లేదని వకీలు అభ్యంతరం చెప్పాడు. వద్దని కూడా లేదు కదా అన్నాను. అందరం చాపల మీద కూర్చున్నాం. పలాస పిల్ల కాబట్టి కానిస్టేబులు చేతులు కనబడనంత వేగంగా ఒలిచింది. వకీలు ముట్టుకున్నదల్లా రెండైంది.

"వకీలు బాబూ, మీరు కూకోండి సాలు. మీ సేతిలో పడితే కేసు కూడా ముక్కలైపోద్ది," అంది కామమ్మ.

సాయంత్రానికి డబ్బాలు ఆటో ఎక్కాయి. కామమ్మ తాళంచెవి సింహాచలం చేతిలో పెట్టింది. తాళాలు బాగుచేసే మనిషికి ఒలవడం తప్ప పని పడలేదు.

ఆ తరవాత నేను, స్వాధీనానికి తేదీ వేసేముందు ఆ ఇంట్లో ఏ పని ఏ దశలో ఉందో అడిగి తెలుసుకునేవాణ్ణి. అందువల్ల వాయిదాలు తగ్గాయి.

ఆ రోజు నేను విరగ్గొట్టకుండా ఒలిచిన పప్పులు పదకొండు.