ఇరవై లైన్ల చక్రధర్

పిల్లలకు పేరు పెట్టేటప్పుడు పెద్దవాళ్లు కాస్త ముందూ వెనకా చూసుకోవాలి. చక్రధర్ అని పెట్టారు. ఆ అమలాపురం కుర్రవాడి బతుకు సింగపూర్‌లో చక్రాలు తిప్పడానికే సరిపోయింది. జావా వచ్చునా అని అడిగి, రాదన్నవాణ్ణి కూడా విమానం ఎక్కించేస్తున్న రోజులవి. చక్రధర్‌కి నిజంగానే వచ్చు. వచ్చిన పాపానికి వన్-నార్త్‌లోని ఓ చిన్న కంపెనీ అతణ్ణి పట్టుకుని, క్లబ్బుల్లో పెట్టే జాక్‌పాట్ మిషన్ల ముందు కూర్చోబెట్టింది.

ఆడటానికి కాదు, పరీక్షించడానికి. మీట నొక్కితే తెర మీద అయిదు చక్రాలు గిర్రున తిరిగి ఆగుతాయి. ఒక్కో చక్రంలో పైన, మధ్యన, కింద మూడేసి బొమ్మలు కనబడతాయి. చెర్రీలు, గంటలు, నిమ్మకాయలు. ఒకే బొమ్మ ఎక్కడ పడితే అక్కడ మూడుసార్లు కనబడినంత మాత్రాన గెలిచినట్టు కాదు. కంపెనీ ముందే గీసి పెట్టుకున్న దారులుంటాయి. ఒకటి మధ్య వరసలో తిన్నగా పోతుంది. ఒకటి పై వరసలో పోతుంది. ఇంకొకటి పైనుంచి మెట్లు దిగినట్టు దిగి మళ్లీ పైకెక్కుతుంది. అలాంటి దారిలో, అదీ ఎడమ చివరి చక్రం నుంచి మొదలుపెట్టి, వరసగా మూడు కలిస్తేనే మిషన్ మోగుతుంది. ఆ దారుల్ని పే లైన్లంటారు. ఆఫీసులో ముద్దుగా లైన్లు. చక్రధర్ మిషన్‌లో ఇరవై ఉన్నాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కో లైనూ వేసి, మోగాల్సింది మోగుతోందా, మోగకూడనిది నోరు మూసుకుని ఉందా అని చూడటమే అతని ఉద్యోగం.

ఇంతవరకూ తప్పేమీ లేదు. తప్పల్లా ప్రభావతి ఆంటీ దగ్గర జరిగింది. క్లెమెంటిలో పాతికేళ్లుగా ఉంటున్న ఆవిడ తన చెల్లెలి కూతురు మహతికి సంబంధం చూస్తూ, "ఏం చేస్తుంటావు బాబూ?" అని అడిగింది. ఆవిడ దగ్గరే ఉంటూ బ్యాంకులో పని చేసే మహతి ఎదురుగా కూర్చుని ఉంది. నవ్వితే ఎడమ కన్ను కాస్త చిన్నదయ్యే అమ్మాయి. ఆ కన్ను చూస్తూ జూదం మిషన్లనే మాట చక్రధర్ గొంతు దాటి రాలేదు.

"గేమ్స్ చేస్తామండి. ఆయ్, బొమ్మలుంటాయండి," అన్నాడు.

అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. అబ్బాయి పిల్లల బొమ్మల ఆటలు తయారు చేస్తాడని ఆంటీ ఆ రాత్రే తెనాలికి ఫోన్ చేసి మహతి తండ్రి భద్రయ్యకి చెప్పేసింది. ఆ భద్రయ్య ఎలాంటివాడంటే, పెళ్లివారింట్లో పేకముక్క కనబడితే విస్తరి ముందు నుంచి లేచొచ్చేసే మనిషి. ఆ సంగతి తెలిశాక నిజం చెప్పడం చక్రధర్‌కి మరీ కష్టమైంది. ఈలోగా మహతిని నాలుగైదుసార్లు కలిశాడు. ఆమె లేకుండా ఆదివారం గడవని స్థితికి వచ్చాడు. ఇక ముహూర్తం పెట్టుకోవడమే తరువాయి.

అలాంటి సమయంలో ఓ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ట్రైన్‌లో ఫోన్ తీశాడు. జురాంగ్ ఈస్ట్‌లో అతనితో పాటు ఫ్లాట్ పంచుకునే హైదరాబాదీ ఫరూఖ్‌కి ఏ రోజు కష్టసుఖాలు ఆ రోజు చెప్పుకోవడం అతనికి అలవాటు. మన వాళ్లకి పరాయి దేశంలో ఓ గుడ్డి ధైర్యం ఉంటుంది. చుట్టూ ఉన్న వాళ్లెవరికీ తెలుగు రాదని గట్టి నమ్మకం.

"ఏం చెప్పమంటావురా! పొద్దున్నుంచి ఇరవై లైన్లు వేశాను. ఒక్కటీ సరిగ్గా పడలేదు," అన్నాడు గొంతెత్తి. "చెర్రీయా? ఓ చెర్రీ పడింది. పక్కనే రెండోదీ పడింది. మూడోది పడినట్టే పడి జారిపోయింది... అది కాదురా, తొమ్మిదోదానికి వేస్తే పదోది మోగిపోతోంది! దీనికి వేసిన సంగతి దానికెలా తెలుస్తోందో ఆ దేవుడికే తెలియాలి... ఆఁ, రేపు మళ్లీ మొదట్నుంచీ అన్నిటికీ వేస్తాను. మా బాస్ కూడా పక్కనుంటానన్నాడు."

లైను వేయడమంటే ఏమిటో, పడటమంటే ఏమిటో తెలుగు వాళ్లకి విడమరచి చెప్పనక్కర్లేదు. చెర్రీ అనే పేరున్న అమ్మాయి సింగపూర్‌లో ఏ ఆఫీసులో వెతికినా ఒకతె దొరుకుతుంది. చక్రధర్ వీపు వెనకాల, టెక్కా మార్కెట్టులో కొన్న మునక్కాయల సంచీతో ప్రభావతి ఆంటీ నిలబడి ఉంది. క్లెమెంటి రాగానే చప్పుడు చెయ్యకుండా దిగిపోయింది.

ఆ తర్వాత చక్రధర్ ఫోన్ చేస్తే ఆంటీ ఎత్తలేదు. మహతీ ఎత్తలేదు. శనివారం మహతి నుంచి మెసేజ్ వచ్చింది: "రేపు సాయంత్రం ఇంటికి రండి. మీ లైన్ల సంగతి పెద్దమ్మకి తెలిసిపోయింది."

చక్రధర్‌కి అనుమానమే రాలేదు. జూదం మిషన్ల గుట్టు రట్టయిందనే అనుకున్నాడు. ఫోన్ ఫరూఖ్ ముందు పెట్టాడు.

"నేన్ చెప్పలే? మొదట్లనే సచ్ చెప్పెయ్యమన్న," అన్నాడు ఫరూఖ్. "ఇప్పుడైనా పోయి మొత్తం ఒప్పుకో. ఒక్క ముక్క దాస్తే ఇంకింత ఫస్తవ్, ఇరుక్కపోతవ్, సమఝే?"

ఆదివారం చక్రధర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని క్లెమెంటి వెళ్లాడు. గుమ్మంలోకి ఎవరొచ్చినా ప్రభావతి ఆంటీ ముందు అడిగే మాట "మకాన్ అయిందా?" అని. భోజనం అయిందా అనడానికి అన్నేళ్లుగా అక్కడి మలయ్ మాటే ఆవిడ నోటికి అలవాటైపోయింది. ఆ రోజు అడగలేదు. సోఫాలో ఆవిడ భర్త ఈశ్వరరావు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ప్రతి ఆదివారం ఈత కొట్టడానికి క్లబ్బుకి వెళ్లొచ్చే ఆయన సంచీ ఇంకా తలుపు దగ్గరే ఉంది. మగవాళ్లకు క్రమశిక్షణ ఎలా ఉండాలో చెప్పాల్సి వస్తే ఆంటీ ఆ సంచీనే చూపించేది. మహతి కిటికీ దగ్గర నిలబడి ఉంది. కన్ను చిన్నదవలేదు.

"నా చెవులతో నేనే విన్నాను. ఎన్నాళ్ల నుంచి?" అంది ఆంటీ.

"రెండేళ్ల నుంచండి," అన్నాడు చక్రధర్ తల దించుకుని.

"ఇరవయ్యా?"

"మొదట్లో తొమ్మిదేనండి. కిందటేడు ఇరవై చేశారు. వచ్చే ఏడు పాతిక చేద్దామంటున్నారు."

"ఎవరు చేసేది?"

"మా బాసండి. లైన్లెంత ఎక్కువుంటే కంపెనీకి అంత పేరంటాడు."

ఆంటీ సోఫా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఈ భాగ్యానికి జీతం కూడానా!"

"ఆయ్. బోనస్ కూడా ఇస్తారండి."

ఏదీ దాచొద్దన్నాడు కదా ఫరూఖ్. కుర్రవాడు ఏదీ దాచలేదు. మహతి కిటికీ దగ్గర నుంచి రెండడుగులు ముందుకొచ్చింది. "ఆ చెర్రీ ఎలా ఉంటుందేం?" అంది.

"ఎర్రగా, గుండ్రంగా ఉంటుందండి," అన్నాడు చక్రధర్. మహతి మొహం చూశాక ఇంకాస్త వివరంగా చెబితే మంచిదనిపించింది. "పైన పచ్చటి ఆకుంటుందండి."

మహతి ఆంటీ వైపు తిరిగింది.

"ఆకేమిటి?" అంది ఆంటీ.

ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తేలడానికి మరి కాస్సేపు పట్టింది. తేలాక చక్రధర్ చెవులు ఎర్రబడ్డాయి. మహతి పక్కకు తిరిగి పమిటతో నోరు మూసుకుంది. ఆంటీ మాత్రం ఒక్క పట్టాన నమ్మలేదు. "చూపించు మరి," అంది.

టీపాయ్ మీద పాయసానికని గిన్నెల్లో తీసిన జీడిపప్పు, కిస్మిస్, బాదం పప్పు ఉన్నాయి. చక్రధర్ ఓ పళ్లెం జరుపుకుని పైన అయిదు, మధ్యన అయిదు, కింద అయిదు పేర్చాడు. "ఇదండి మిషను. ఇలా అడ్డంగా మధ్యలో పోయేది ఒక లైనండి. ఇలా వంకరగా దిగి ఎక్కేది ఇంకో లైను. జీడిపప్పు పళ్లెంలో అయిదు చోట్లున్నా లాభం లేదండి. ఏదో ఒక లైను మీద, ఎడమ పక్క నుంచి, మధ్యలో తెగకుండా మూడుండాలి. కుడి పక్క నుంచి మూడు కలిసినా అవి ఉత్త పప్పులే."

ఆంటీ కళ్లజోడు పెట్టుకుని పళ్లెం మీదికి వంగింది. కుర్రవాడు అమ్మాయిల వెంట పడే రకం కాదని ఆవిడకి గుండె బరువు దిగింది. దిగిన మరుక్షణమే ఇంకో బరువెక్కింది. "అంటే ఇది జూదమే కదయ్యా! పిల్లల బొమ్మలన్నావు!"

అప్పుడే సోఫాలో పేపరు కిందికి దిగింది. చాలా ఏళ్లుగా మనసులో నలుగుతున్న బాధకు ఇప్పుడు కారణం దొరికిన మనిషిలా ఈశ్వరరావు ముందుకు వంగాడు.

"అందుకా! అందుకేనా మొన్న నాకు కుడి పక్కన నాలుగు గంట బొమ్మలు కలిసినా ఇవ్వంది! నేను ఆ మిషన్ పాడైందని క్లబ్బులో కౌంటర్ అమ్మాయితో పోట్లాడొచ్చాను కదయ్యా!"

అన్నాక ఆయనకే అర్థమైంది. పేపరు మళ్లీ పైకెత్తాడు కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ప్రభావతి లేచి తలుపు దగ్గరికి వెళ్లింది. సంచీ తెరిచి తువ్వాలు తీసింది. మడత కూడా చెదరలేదు.

"సింగపూర్ ఎండకి దార్లోనే ఆరిపోతుందన్నారు," అంది చాలా నెమ్మదిగా. "అసలు మీకు ఈత వచ్చా?"

"వచ్చేది," అన్నాడు ఈశ్వరరావు పేపరు వెనక నుంచి.

ఆవిడ తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియని ఆ నిమిషంలో మహతి వచ్చి చక్రధర్ ఎదురుగా కూర్చుంది. పళ్లెంలో మధ్య వరసలో ఎడమ నుంచి మూడు జీడిపప్పులు ఉన్నాయి. మూడోది తీసి నోట్లో వేసుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది.

"భయమేసిందండి. చెబితే మీరు కాదంటారని," అన్నాడు చక్రధర్. అంత తిన్నగా మాట్లాడటం అతనికే కొత్తగా ఉంది. "మీరు కాదంటే తట్టుకోలేననిపించింది."

"ఇప్పుడు నాన్నకి చెప్పండి. చెబితే మూడోది పెడతాను."

"ఆయన సంబంధం వద్దంటే?"

"పప్పు తిన్నది నేను. తిరిగి పెట్టేదీ నేనే, ఆయన కాదు," అంది మహతి.

చక్రధర్ తెనాలి నంబరు నొక్కాడు. మహతి స్పీకర్ మీట నొక్కింది. అవతల భద్రయ్య గొంతు వినబడేసరికి, నేర్చుకున్న పద్యం అప్పజెప్పినట్టు మొత్తం ఒక్క గుక్కలో చెప్పేశాడు. జాక్‌పాట్ మిషన్లు, ఇరవై లైన్లు, రెండేళ్లు, దాచిపెట్టడం, అన్నీ.



"నువ్వు ఆడతావా అబ్బాయ్?" అన్నాడు భద్రయ్య.

"లేదండి. ఒక్కసారి కూడా ఆడలేదు."

"ఏం?"

"లైన్లు గీసేది మేమేనండి. ఎన్ని వేసినా చివరికి ఎవరు గెలుస్తారో నాకు తెలుసు."

"ఆ పని నాకు నచ్చలేదు. ఎప్పటికైనా మారాలి నువ్వు. దాచినందుకు మా అమ్మాయి ఏమంటుందో నాకు తెలీదు, అది మీరూ మీరూ చూసుకోండి," అన్నాడు భద్రయ్య. "కానీ ఆ చివరి ముక్క మా తోడల్లుడికి కూడా ఓసారి చెప్పు. ఈత ఈత అంటూ పదేళ్లుగా మునుగుతున్నాడు. మా వదినకి తెలిస్తే బాధపడుతుందని మేమెవ్వరం నోరెత్తలేదు."

తువ్వాలు ప్రభావతి చేతిలోంచి జారి కింద పడింది. తెనాలి నుంచి "హలో? వినబడుతోందా? లైన్లో ఉన్నావా?" అని రెండుసార్లు వినబడి, ఫోన్ ఆగిపోయింది.

ఆంటీ వంగి తువ్వాలు తీసుకుంది. భర్త వంక ఓ చూపు చూసి, "మీ సంగతి తర్వాత," అంది. చక్రధర్ వైపు తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి కానీ గొంతు మాత్రం మునుపటిదే. "మకాన్ అయిందా బాబూ?"

"లేదండి," అన్నాడు చక్రధర్.

మహతి గిన్నెలోంచి ఓ జీడిపప్పు ఏరింది. పళ్లెం మీద చెయ్యి అటూ ఇటూ తిప్పి, అతని ఊపిరి ఆగేదాకా ఆగి, మధ్య వరసలో ఖాళీగా ఉన్న చోట పెట్టింది. ఎడమ కన్ను చిన్నదైంది.

"మోగదేం?" అంది.