అమాసకు తేలే తొవ్వ

మొన్న పొద్దున ఉప్మా ముందు పెట్టుకుని కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. డ్యాము కట్ట మీద చాయ్ హోటల్ నడిపే భాయ్. ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. ఎప్పుడు చేసినా ఒకే వార్త చెబుతాడు. "అన్నా, తొవ్వ తేలింది," అని పెట్టేశాడు. ప్లేటు పక్కకు జరిపాను. నా ముఖం చూసి మా ఆవిడ ఎవరు పోయారని అడిగింది. కొత్తగా ఎవరూ పోలేదని చెప్పాను.

తొవ్వ అంటే మా మేనత్త వాళ్ళ ఊరికి పోయే తారు రోడ్డు. సిద్దిపేట నుంచి బండి మీద ముప్పావు గంట. ఊరు డ్యాములో మునిగింది. ఊరవతలి గుట్ట మాత్రం పూర్తిగా మునగక, నడినీళ్ళలో నాలుగు తాటిచెట్లతో దీవిలా మిగిలింది. రోడ్డు కట్ట దగ్గర నీళ్ళలోకి దిగి, మళ్ళీ గుట్ట కాళ్ళ దగ్గర పైకొస్తుంది. యాసంగి పంటకు నీళ్ళు బాగా వదిలి, డ్యాములోకి నీళ్ళెత్తిపోసే మోటర్లు ఆగిన ఏడు మాత్రం నాలుగైదు రోజులు రోడ్డంతా బయటపడుతుంది, నడిమధ్య తెల్లగీతతో సహా. కొన్నేళ్ళు అసలే పడదు. ఎప్పుడన్నది చెప్పే క్యాలెండర్ ఏదీ లేదు. లేని క్యాలెండర్‌ను నేను తయారు చేశాను. ఈ కథంతా అందుకే.

ఆ గుట్ట మీద మా మామ సమాధి ఉంది. మామ కల్లు గీసేవాడు. ఆ నాలుగు చెట్లూ ఆయన మోకు వేసి ఎక్కినవే. ఆయన పోయాక కూడా అత్త ఆయనకు చెప్పకుండా గడప దాటేది కాదు. మా ఇంటికి రెండు రోజుల కోసం వచ్చినా సరే, ముందు గుట్టెక్కి, సమాధి మీద ఇంత కల్లు సాక పోసి, ఎక్కడికి పోతున్నదీ, ఎప్పుడొచ్చేదీ చెప్పి మరీ బస్సెక్కేది. అలాంటి మనిషి, ఊరు ఖాళీ చేసిన రోజు లారీ డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతుంటే, బిందెలూ మంచం కోళ్ళూ ఎక్కించే హడావిడిలో గుట్టెక్కలేకపోయింది. రేపు వచ్చి చెబుదాంలే అనుకుంది. ఆ రేపటికి కాపలా పెట్టారు, ఆ తర్వాత నీళ్ళు పెట్టారు.

ఇల్లు పోయిందని, పొలం పోయిందని ఆవిడ ఏడ్వగా నేను చూడలేదు. మునిగిన ఊళ్ళవాళ్ళకు సర్కారు కట్టిన కాలనీలో ఇచ్చిన ఇంటి ముందు కూర్చుని ఒకటే మాట అనేది. "మనం యాడికొచ్చినమో గాయినకు ఎర్కలేదు అల్లుడా." మూడో గల్లీ, నీలం గేటు, ఎదురుగా పిండిగిర్ని. ఈ ఆనవాళ్ళు ఆయనకు అందజేయాలి, అంతే. తెప్ప ఎక్కాలంటే ఆవిడకు భయం, నేనే పోయి చెప్పొస్తానని ఒకసారి అన్నాను. అత్త నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు చెప్తె ఆయిన నమ్మడు. నీ సంగతి ఆయినకు మంచిగ ఎర్కే."

నిజమే. చిన్నప్పటి నుంచి నా నోటికి అబద్ధం అన్నంలో నెయ్యి లాంటిది. వేడి మాట దొరికితే కలపకుండా ఉండలేను. అత్త దిగులు చూడలేక ఒకనాడు బొంబాయి కథ ఎత్తుకున్నాను. వయసులో పనికోసం బొంబాయి పోయినప్పుడు సముద్రంలో ఒక దర్గా చూశాను. దానికి పోయే బాటను సముద్రం రోజూ మింగుతుంది, మళ్ళీ వదులుతుంది. ఇంతవరకు నిజం. నెయ్యి ఆ తర్వాత పడింది. ఎంత పెద్ద నీళ్ళకైనా ఒక తిథి ఉంటుందనీ, అమావాస్య నాడు నీళ్ళు చాప చుట్టుకున్నట్టు వెనక్కి పోతాయనీ చెప్పాను. మా జిల్లావాడే ఒకడు, బాట ఆరి ఉంది కదా అని తిథి కాని రోజున బయల్దేరితే, నడుమకు పోయేసరికి సముద్రం తిరిగొచ్చిందనీ, వాడి చెప్పులు మాత్రం దర్గా మెట్లకు కొట్టుకొచ్చాయనీ చెప్పాను. ఎలాంటి చెప్పులని అత్త అడిగింది. నీలం పట్టీలవని చెప్పాను. పట్టీల రంగు తెలిసినవాడు అబద్ధమెందుకు ఆడతాడు?

నా ఖర్మకు, ఆ తర్వాతి అమావాస్యకే డ్యాములో నీళ్ళు తగ్గి సగం రోడ్డు తేలింది. సీసాలో కల్లు, కొంగున ఇన్ని ఉడికించిన శనగ గుడాలు మూటకట్టుకుని అత్త కిలోమీటరు రాయి దాకా నడిచింది. అక్కడి నుంచి నీళ్ళు. పాదాలు తడుపుకుని, వచ్చే అమాసకు అంతా తేలుతదిలే అంటూ నవ్వుకుంటూ వెనక్కొచ్చింది. ఆ నవ్వు చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. అప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ నా బండి వెనక కూర్చుని కట్టకు రావడమే. ఎండలో, వానలో, మోకాళ్ళ నొప్పులతో. సాయంత్రం దాకా నీళ్ళను చూసి, కల్లు పులిసిపోతే పారబోసి, మళ్ళీ బండెక్కేది. భాయ్ ఆవిడకు చాయ్ ఇచ్చి నన్ను పక్కకు పిలిచేవాడు. "గిది చందమామ పని గాదన్నా, మోటర్ల పని. ముసలామెకు జర నువ్వన్న చెప్పు." చెబుతాననేవాణ్ణి. భాయ్‌కి కూడా అబద్ధమే.

ఏడాదిన్నర తర్వాత ఒక రోజు పదిగంటలకు భాయ్ మొదటిసారి ఫోన్ చేశాడు. తొవ్వంతా తేలింది, గుట్ట దాకా ఎండి ఉంది. బండి తీసుకుని కాలనీకి ఉరికాను. అత్త పిండిగిర్ని దగ్గర నలుగురు ఆడవాళ్ళతో కూర్చుని ఉంది. లెమ్మన్నాను. అత్త వేళ్ళు మడిచి చూసుకుంది. "ఇయ్యాల ఏకాదశి. అమాసకు ఇంకా నాల్గు దినాలున్నయి. గీ తొవ్వను నమ్మరాదు," అంది. పక్కనున్న వాళ్ళ వైపు తిరిగి నీలం పట్టీల చెప్పుల కథ మొదలుపెట్టింది. నాకంటే బాగా చెప్పింది. వాడికి ఇద్దరు పిల్లలని కూడా కలిపింది. ఆడవాళ్ళు అయ్యో అన్నారు.

అక్కడ నేను అనాల్సిన మాట ఒక్కటే. అదంతా నేను కల్పించింది అత్తా, లే, పోదాం. నాలుక చివరి దాకా వచ్చింది. ఆ నలుగురి ముందు ఆవిడ ముఖం ఏమవుతుందోనని ఆగాను. ఇప్పుడు అలా చెప్పుకుంటున్నాను గానీ, ఆగింది నా ముఖం కోసమే. నాలుగు రోజులే కదా, నీళ్ళు ఎక్కడికి పోతాయి అనుకున్నాను. మూడో రోజుకు మోటర్లు నడిచాయి. అమావాస్య నాడు మేం పోయేసరికి కిలోమీటరు రాయి కూడా కనిపించలేదు. అత్త సీసా మూత కూడా తీయలేదు. ఆ వానాకాలంలోనే అత్త పోయింది.

మూడో రోజు పిట్టకు పెట్టాం. ఆవిడకు ఇష్టమైన గుడాలు, సర్వపిండి, ఇంత కల్లు ఆకులో పెట్టి దూరం జరిగాం. కాకి రాలేదు. చెట్టు మీద కూర్చుంది గానీ దిగలేదు. ఏదో కోరిక మిగిలిందని పెద్దలు మొక్కడం మొదలుపెట్టారు. మనవరాలి పెళ్ళి చేస్తామని ఒకరు, గుడికి గంట కట్టిస్తామని ఇంకొకరు. కాకి కదల్లేదు. ఎండ నెత్తికెక్కింది. నేను ఆకు దగ్గరికి పోయి వంగి, ఎవరికీ వినబడకుండా అన్నాను. "అత్తా, ఇయ్యాల అమాస. తొవ్వ తేలింది. మామకు చెప్పొచ్చిన." ఆ రోజు అమావాస్య కాదు. తొవ్వ మీద ఎన్నో నిలువుల నీళ్ళున్నాయి. నేను లేచి పది అడుగులు వేశానో లేదో కాకి దిగింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

మొన్న భాయ్ ఫోన్ తర్వాత కల్లు సీసా తీసుకుని పోయాను. రోడ్డు మీద బురద ఆరి పెంకుల్లా పగిలి ఉంది. నత్తగుల్లలు కాళ్ళ కింద పటపటమన్నాయి. ఫోటోలు దిగేవాళ్ళు కిలోమీటరు రాయి దగ్గరే ఆగారు, నేను గుట్టెక్కాను. తాటిచెట్లకు తలలు లేవు. సమాధి రాళ్ళు సగం కుంగిపోయాయి. సాక పోసి, మూడో గల్లీ, నీలం గేటు అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆ గేటు వెనక ఇప్పుడు ఎవరున్నారు? అత్త కాలనీ అవతలి బొందలగడ్డలో మట్టి కింద ఉంది, అక్కడ గల్లీలు లేవు. ఉన్నది ఉన్నట్టు, ఏమీ కలపకుండా, మొత్తం చెప్పాను. గాలి కూడా కదల్లేదు. మామ నమ్మి ఉండడు.

నిన్నటికి మళ్ళీ మునిగిందట. ఆ రోజు పిండిగిర్ని ముందు నిజం చెప్పడానికి చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టేది కాదు. ఆ కాస్త సేపటి మీద ఇప్పుడు ఎన్ని నిలువుల నీళ్ళున్నాయో గానీ, ఏ అమాసకూ అది తేలదు.