పుల్ల గుచ్చిన పేడ

మూడేళ్ల కిందటి మాట. నాచారంలో ఫ్యాక్టరీ పని చేసుకుంటూ, ఆదివారం పొద్దున్నే ఉప్పల్ వైపు చెరువు వెనక మట్టిదారిలో గేర్ల సైకిల్ తొక్కేవాణ్ణి. లైబ్రరీలో సైకిళ్ల గురించి ఉన్న పుస్తకాలన్నీ చదివానని నాకు గర్వం.

ఆ దారిలో గేదెల పేడ నాకు పరమ శత్రువు. రెండుసార్లు జారి మోచేతులు పగిలాయి. ఒక ఆదివారం చూస్తే ప్రతి పేడకుప్ప మీదా ఒక పుల్ల నిలబెట్టి ఉంది. సైకిల్ వాళ్లంటే గిట్టనివాళ్లు టైర్లు పంక్చరు చేయడానికే గుచ్చారని తేల్చేశాను. కోపంతో పుల్లలు పీకి, పక్కన దొరికిన రేకుముక్కతో పేడంతా తుమ్మపొదల్లోకి విసిరేశాను.

ఇంతలో గంపతో వచ్చిన ఒక ముసలామె నా సైకిల్ హ్యాండిల్ పట్టుకుంది.

"కండ్లు దొబ్బినయా? పుల్ల గుచ్చినంక అది నాదని తెల్వదా?"

"దారి మీద పేడ నీదెట్లయితదమ్మా? నేను పుస్తకాలు సదివిన, నాకు జెప్పకు!"

"అయితే నీ పుస్తకాలే పొయ్యిల పెట్టి బువ్వ వండాల్నా? వానలు పడకముందే పిడకలు జేసుకోవాలె. నువ్వే ఏరు!"

వెనక వచ్చిన సైకిల్ వాళ్లు ఆగి నవ్వుతుంటే, ముళ్లలో చేతులు పెట్టి పేడ ఏరాను. "సగం మట్టే తెచ్చిండు" అని తిట్టుకుంటూ ఆమె గంప ఎత్తుకుని పోయింది. తప్పయిందన్నా వినలేదు.

పుల్ల గుచ్చితే ఆ పేడ ఒకరిదని, ఇంకొకరు ముట్టరని అక్కడ గేదెలు కాసే ప్రతివాళ్లకూ తెలుసు. అడిగితే నాకూ చెప్పేవాళ్లు. అడగకుండా ఆమె వంటచెరకు పాడుచేశాను.

ఇప్పటికీ ఎదురుపడితే "పేడదొంగ వచ్చిండు" అంటుంది. నేను పుల్లలున్న కుప్పల్ని తప్పించుకుంటూ తొక్కుతాను.