వైరు చుట్టుకుని వెళ్లినాయన

కన్నడ నాట మోక అనే ఊళ్లో మాకు కేబుల్ ఇచ్చిన ఆయన ఏ ఇంటికెళ్లినా ముందు టీవీ చూసే మనిషి పక్కన కూర్చునేవాడు.

తుంటి విరిగి మంచం పట్టిన మా అవ్వకు కేబులే ఉంచాలా, డిష్ పెట్టాలా అని నేను పట్టిక గీశాను: ఖర్చు, స్పష్టత, వానలో అంతరాయం. ఆయన అవ్వ మంచం అంచున కూర్చుని చదివాడు.

“బాగుండాదప్పా. అవ్వకేం కావాలో యాడ రాసినావు?”

నా పట్టికలో ఆ గడే లేదు. అవ్వే చెప్పింది: “తెలుగు భజనలు, నాయనా.”

“నా కేబుల్లో కన్నడవే వస్తాయవ్వా. డిష్ పెట్టించప్పా,” అని తన వైరు తానే విప్పి చుట్టుకున్నాడు.

ఇప్పుడు నా ప్రతి పట్టికలో మొదటి గడి ‘ఎవరి కోసం’. నేర్పింది ఆయనే.

మొన్న దారిన పోతూ, “భజనలు వస్తాండాయా అవ్వా?” అని గుమ్మంలోంచి అడిగాడు.

“అవి వస్తాండాయి. నువ్వే రాకుండా పోతివి,” అంది అవ్వ.

ఆయన లోపలికొచ్చి మంచం అంచున కూర్చున్నాడు.