మళ్లీ విరవాల్సిన చెయ్యి

ఆళ్లగడ్డలో విరిగిన ఎముకలకు కట్లు కట్టే యేసోబు దగ్గరికి 1979 ఎండాకాలంలో మద్దిలేటి వచ్చాడు. అంతకు ముందేడు పొలం గట్టు తగాదాలో యేసోబు తమ్ముణ్ణి కట్టెతో కొట్టి అవిటివాణ్ణి చేసింది అతనే. ఇప్పుడు బండి మీద నుంచి పడి అతని ముంజేయి విరిగింది. నంద్యాలలో ఎవరో కట్టు కడితే ఎముక వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో నాగలి మేడి పట్టలేడు.

"మళ్లా ఇరిచి కట్టాలన్నా" అన్నాడు యేసోబు తడిమి చూసి.

"ఇరుచు. ఇంతకంటే మంచి అదును నీకు యాడ దొరుకుతాది?" అని మద్దిలేటి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

వాకిట్లో కూర్చున్న తమ్ముడు కళ్లార్పకుండా చూస్తున్నాడు. యేసోబు ఆ చేతిని మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎంత బలం పెట్టాలో ఇరవై ఏళ్లుగా అతని వేళ్లకు తెలుసు. ఆ పూట అవి అంతకు మించి బిగుసుకున్నాయి. చెయ్యి వదిలేశాడు.

"రేపు రా అన్నా."

మరునాడూ అదే మాట చెప్పాడు.

"ఏందీ, ఆటలాడతాండావా?" మద్దిలేటి కసిరాడు.

"నా చేతిలో కోపం ఇంకా దిగలేదు. కోపంతో ఇరిస్తే ఎముక ముక్కలైతాది. నీ పిల్లోల్ల పేర్లు చెప్పి పో."

"పిల్లోల్ల జోలి నీకెందుకు?"

"ప్రార్థనకు."

మద్దిలేటి ముగ్గురి పేర్లూ చెప్పాడు. ఆ సాయంత్రం యేసోబు మోకాళ్లూని ఆ పేర్లు ఒక్కొక్కటే పలికాడు. ఆ పిల్లల తండ్రి పేరు దగ్గర ఆగిపోయాడు. అది పలికేదాకా లేవలేదు.

మూడో రోజు తమ్ముడు చూడలేక లోపలికి పోయాడు. యేసోబు ఒక్కసారి నొక్కాడు. మద్దిలేటి కేక వీధంతా వినబడింది. యేసోబు వేళ్లతో చర్మం పైనుంచి వెతికాడు. ఎముక పాత అతుకు దగ్గర, ఒక్కచోటే విరిగింది. అప్పుడు కట్టు కట్టడానికి వెదురుబద్దలు అందుకున్నాడు.